మొదటి గన్ కొనే ముందు: రైఫిలా, పిస్టలా, కొత్తదా, పాతదా?

మన దగ్గర చాలామంది చేతికి మొదట వచ్చే తుపాకీ బెలూన్ల స్టాల్‌ది. నాదీ అంతే. హైదరాబాద్ నుమాయిష్‌లో పది గుండ్లు కాల్చి రెండు బెలూన్లు పేల్చాను. పక్కనే మా ఆవిడ ఎనిమిది పేల్చింది. గొట్టం వంకరగా ఉందని స్టాల్ అతనితో గొడవపడ్డాను. గొట్టం నిజంగానే వంకర. కాకపోతే ఆవిడ కాల్చిందీ అదే తుపాకీతో.

2024లో పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్‌తో రెండు కంచు పతకాలు తెచ్చాక మా అమ్మాయి "నేనూ నేర్చుకుంటా" అంది. అప్పుడది ఆరో క్లాసు. రోజూ షూటింగ్ రేంజ్‌కి దింపడానికి వెళ్లి ఊరికే కుర్చీలో కూర్చోవడం ఎందుకని నేనూ లైన్లో నిలబడ్డాను. ఇప్పుడు తెలిసినవాళ్లంతా నన్ను ఒకటే అడుగుతున్నారు: "అన్నా, మొదటి గన్ ఏది కొనమంటావ్?" ఫోన్లో చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

ఇందులో ఉన్నదంతా 10 మీటర్ల ఎయిర్ గన్ గురించే, అంటే పది మీటర్ల దూరంలోని టార్గెట్‌ని గాలి వత్తిడితో కొట్టే ఆట తుపాకీ. ఇంటి రక్షణకి తుపాకీ కావాలని వచ్చినవాళ్లకి ఇక్కడ ఏమీ దొరకదు.

లైసెన్స్ గీత ఎక్కడుంది

2016 ఆయుధ నిబంధనల ప్రకారం ఎయిర్ గన్‌కి రెండు గీతలున్నాయి. గొట్టం బోరు (లోపలి రంధ్రం వెడల్పు) 4.5 మిల్లీమీటర్లు, అంటే 0.177 అంగుళం దాటకూడదు. శక్తి 20 జౌళ్లు దాటకూడదు. ఈ రెండింటి లోపల ఉంటే లైసెన్స్ అక్కర్లేదు, గుర్తింపు కార్డు, చిరునామా కాగితం ఇచ్చి బిల్లు మీద కొనుక్కోవచ్చు. ఏ ఒక్కటి దాటినా లైసెన్స్ కావాల్సిందే. కాబట్టి షాపులో ఎవరైనా "పాయింట్ టూ టూ తీసుకోండి సార్, పవర్ బాగుంటుంది" అంటే నమస్కారం పెట్టి బయటికి వచ్చేయండి. అది 5.5 మిల్లీమీటర్లు, గీత అవతల.

అసలు పవర్‌తో మనకు పనేముంది? ఒలింపిక్స్‌లో వాడే ఎయిర్ రైఫిల్ శక్తి సుమారు ఏడున్నర జౌళ్లు. పెల్లెట్, అంటే అందులో వేసే చిన్న గుండు, సెకనుకు 170 మీటర్ల చుట్టుపక్కల పోతుంది. చట్టం ఇచ్చిన 20లో సగం కూడా కాదు. పది మీటర్ల దూరంలో ఉన్న కాగితానికి చిల్లు పెట్టడానికి అంతకన్నా అక్కర్లేదు. సీసీ ఎంత అని బైక్ కొన్నట్టు జౌళ్లు చూసి గన్ కొనకండి.

పిట్టల్ని, కోతుల్ని బెదిరించడానికి పనికొస్తుందా అని అడిగేవాళ్లు కూడా ఉన్నారు, ముఖ్యంగా మా వరంగల్ వైపు బంధువులు. కోతుల బాధ నాకూ తెలుసు, మా మామిడి తోటలో ఒక్క కాయ మిగలనివ్వవు. అయినా వద్దు. పిట్టల జోలికి పోతే 1972 వన్యప్రాణి చట్టం ఉంది, మిగతా జంతువులకు జంతుహింస చట్టం ఉంది. పైగా తగిలిన పెల్లెట్ చాలాసార్లు జంతువుని చంపదు, కుళ్లబెడుతుంది.

మందుగుండు తుపాకీ అంటే .22 రైఫిల్, స్పోర్ట్స్ పిస్టల్ వగైరా. వాటికి మామూలుగా 21 ఏళ్లు నిండాలి, ఆయుధ శిక్షణ సర్టిఫికెట్ కావాలి, పోలీసు విచారణ జరగాలి. 2019 సవరణ తర్వాత మామూలుగా ఒకరి దగ్గర రెండుకు మించి ఉండకూడదు కూడా. పన్నెండు దాటిన పిల్ల క్రీడాకారులకు శిక్షకుల పర్యవేక్షణలో మినహాయింపు ఉంది. అవన్నీ ఎయిర్ గన్‌తో రెండు మూడేళ్లు గడిచాక ఆలోచించే సంగతులు.

రైఫిలా, పిస్టలా

అందరూ బ్రాండ్ అడుగుతారు. అడగాల్సింది ఇది. ఇక్కడ తప్పితే తర్వాత ఎంత మంచి గన్ కొన్నా డబ్బు వృథా.

రెండింటి లక్ష్యం ఎంత తేడాగా ఉంటుందో ముందు చూడండి. ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం 11.5 మిల్లీమీటర్లు, దాదాపు షర్టు గుండీ అంత. ఎయిర్ రైఫిల్‌లో పది అంటే అర మిల్లీమీటరు. ఈ వాక్యం చివర పెట్టిన చుక్క చూడండి, అంత. రైఫిల్‌లో లెక్క దశాంశాల్లో ఉంటుంది, సరిగ్గా నట్టనడుమ తగిలితే 10.9. అరవై గుండ్లకి గరిష్ఠం 654. పిస్టల్ అర్హత పోటీలో దశాంశాలు లేవు, 600కి లెక్క.

ఇది విని రైఫిల్ కష్టమనుకుంటారు. మొదటి నెలలో జరిగేది దానికి తలకిందులు. రైఫిల్‌ని భుజానికి ఆనించి, చెంపని స్టాక్‌కి (గన్ వెనక భాగానికి) ఆనించి, ఎడమ మోచేతిని నడుము ఎముక మీద నిలబెట్టాక బరువంతా ఎముకలు మోస్తాయి. పెల్లెట్లు త్వరగానే టార్గెట్ నడుమ నలుపులో పడడం మొదలవుతుంది. పిల్లలకి హుషారు వస్తుంది. పిస్టల్‌కి ఆనుకోవడానికి ఏమీ లేదు. ఒక్క చెయ్యి గాల్లోకి చాచాలి, రెండో చెయ్యి జేబులో. మొదటి వారం నేను కాల్చిన పది పెల్లెట్లలో రెండు అసలు కాగితాన్నే తాకలేదు. మా అమ్మాయి "నాన్నా, నీ టార్గెట్ మళ్లీ వాడుకోవచ్చు" అంది.

ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. లీటరు నీళ్ల సీసా కిలో బరువు, పోటీ పిస్టల్ కూడా కాస్త అటూఇటుగా అంతే. సీసా మెడ పట్టుకుని భుజం ఎత్తున చెయ్యి చాచి పదిహేను సెకన్లు నిలబెట్టండి. దించండి. నిమిషం ఆగి మళ్లీ. పోటీలో ఇది అరవై సార్లు, గంటా పావులో. పదోసారికి చెయ్యి వణుకుతుంది, అది అందరికీ ఉన్నదే. ఆ వణుకు చూసి మీకు చిరాకొస్తోందా, ఇంకోసారి చూద్దామనిపిస్తోందా అన్నది గమనించండి. రెండోది అయితే మీరు పిస్టల్ మనిషి.

రైఫిల్ మనిషికి వేరే ఓపిక కావాలి. ఖర్చు ఓపిక, ఉక్కపోత ఓపిక. రైఫిల్‌తో పాటు బిగుతు జాకెట్టు, ప్యాంటు, బూట్లు, గ్లౌజు కావాలి. ఆ జాకెట్టు కాన్వాసూ తోలూ కలిపి కుట్టింది, కొత్తదయితే గోడకి ఆనించి నిలబెట్టినా పడిపోదు. వేసుకున్న పిల్లలు రోబోల్లా నడుస్తారు. మన మే నెలలో ఏసీ సరిగా పనిచెయ్యని రేంజ్‌లో అది వేసుకుని గంట నిలబడడమంటే ఆవకాయ జాడీలో కూర్చున్నట్టే. అన్నిటికన్నా పెద్ద చిక్కు, పిల్లలు ఎదుగుతారు. కొలతలు ఇచ్చి కుట్టించిన జాకెట్టు ఏడాదిన్నర తిరిగేసరికి భుజాల దగ్గర పట్టేస్తుంది. క్యాపాపై లాంటి దేశీ కంపెనీలు కుట్టి ఇస్తున్నాయి కాబట్టి విదేశీ జాకెట్ల ఖర్చు తప్పుతోంది, కానీ ఖర్చయితే ఖర్చే. ఎదిగే వయసు పిల్లలకి రేంజ్‌లో పెద్ద పిల్లలు వదిలేసిన జాకెట్టు అడిగి తెచ్చుకోవడంలో నామోషీ ఏమీ లేదు. మా రేంజ్‌లో ఒకే జాకెట్టు ముగ్గురు పిల్లల ఒంటి మీద చూశాను.

పిస్టల్‌కి ఇవేమీ అక్కర్లేదు. చదునైన అడుగున్న బూట్లు, ఎడమ కన్నుకి అడ్డంగా పెట్టుకునే చిన్న పట్టీ, అంతే. పిల్ల ఎదిగితే గ్రిప్, అంటే చేత్తో పట్టుకునే పిడి, ఒకటి మార్చితే సరిపోతుంది.

నలభై దాటినవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. చత్వారం వచ్చాక పిస్టల్ ముందు సైట్ (గొట్టం కొసన గురి చూసే ముక్క) మసకబారుతుంది. పిస్టల్‌లో చూపు నిలపాల్సింది టార్గెట్ మీద కాదు, చేతి దూరంలో ఉన్న ఆ చిన్న నల్లటి సైట్ మీద. నాకు అది ఉన్ని ముక్కలా కనిపించేది. దానికి సరిపడే అద్దం వేరే చేయించుకోవాల్సి వచ్చింది. రైఫిల్ వెనక సైట్‌లో సూది బెజ్జమంత రంధ్రం ఉంటుంది, దాని గుండా చూస్తే దగ్గరదీ దూరందీ రెండూ కాస్త తేటపడతాయి. కళ్లద్దాల షాపుకి వెళ్లడానికి బద్ధకమైతే రైఫిల్ వైపు మొగ్గండి.

ఇంకోటి, ఏ కన్ను మీది అన్నది. రెండు అరచేతులు ముందుకు చాచి మధ్యలో చిన్న సందు ఉంచి, ఆ సందులోంచి గోడ గడియారాన్ని చూడండి. ఒక్కో కన్ను మూసి చూడండి. ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం సందులోనే ఉంటుందో అది మీ గురి కన్ను. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను బలంగా ఉన్నవాళ్లు ఉంటారు. పిస్టల్‌లో అది సర్దుకుపోతుంది, రైఫిల్ స్టాక్ కుడివాళ్లకి వేరే, ఎడమవాళ్లకి వేరే కాబట్టి అక్కడ ఇబ్బంది. కొనే ముందే కోచ్‌కి చెప్పండి.

మా ఇంట్లో ఏమైంది అంటే, నేను రైఫిల్ అనుకుని పిస్టల్‌లో తేలాను. అమ్మాయి పిస్టల్ అనుకుని ఆరు వారాలు రైఫిల్ పట్టుకుని చివరికి పిస్టల్‌కే వచ్చింది. ఆ ఆరు వారాలూ రేంజ్ గన్లే. మాకు దమ్మిడీ నష్టం లేదు.

గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది

నేను చేసిన తప్పు ఇక్కడ ఒప్పుకోవాలి. రేంజ్‌లో చేరకముందే, మను ఫైనల్ చూసిన వేడిలో, ఊళ్లో ఒక షాపుకి వెళ్లి గొట్టం విరిచి ఎక్కుపెట్టే స్ప్రింగ్ రైఫిల్ కొనేశాను. ఖాకీ ప్యాంటులో అది భుజాన వేసుకుని గుమ్మంలోకి రాగానే మా అమ్మ "పిట్టలదొరవి బానే ఉన్నావు, కోతలెప్పుడు మొదలు?" అంది. మర్నాడు కోచ్‌కి చూపిస్తే ఆయన నవ్వలేదు, అదే ఎక్కువ బాధేసింది. "ఇంట్లో ఉండనివ్వండి" అన్నారు.

కారణం ఇది. స్ప్రింగ్ గన్‌లో ట్రిగ్గర్ నొక్కగానే లోపల బరువైన పిస్టన్ ముందుకు దూకి గాలిని నొక్కుతుంది. పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే గన్ ముందుకీ వెనక్కీ కుదుపుతుంది. పట్టు కొంచెం మారితే గుండు పడేచోటు మారిపోతుంది. తప్పు మీదో గన్‌దో తెలీదు. నేర్చుకునేవాడికి అన్నిటికన్నా అవసరమైంది అది తెలియడమే. ఎస్‌డీబీ, ఐహెచ్‌పీ, ప్రిసిహోల్ లాంటి దేశీ కంపెనీల స్ప్రింగ్ రైఫిళ్లు ధర తక్కువ, గట్టివి, ఊళ్లల్లో చాలామంది వాటితోనే మొదలుపెట్టారు. సరదాకి పెరట్లో డబ్బాలు కొట్టుకోవాలంటే అవి చాలు. పోటీ ఆట నేర్చుకోవాలంటే అవి మెట్టు కాదు, పక్క సందు.

పోటీ గన్లన్నీ ఇప్పుడు పీసీపీలే (ప్రీ-ఛార్జ్డ్ న్యూమాటిక్). గొట్టం కింద చిన్న సిలిండర్‌లో 200 బార్ల వత్తిడితో గాలి ముందే నింపి ఉంటుంది, ఒక్కో గుండుకి కొలిచినట్టు కాస్త కాస్త వదులుతుంది. కుదుపు దాదాపు ఉండదు. ట్రిగ్గర్ పడిన క్షణంలో మీ చెయ్యి ఎక్కడుందో పెల్లెట్ అక్కడే తగులుతుంది, మొహమాటం లేకుండా. అంతకుముందు కార్బన్ డయాక్సైడ్ గన్లు వచ్చాయి. వేడికీ చలికీ వాటి వత్తిడి మారుతుంది, ఇప్పుడెవరూ కొనరు, ఎవరైనా చవగ్గా అంటగడితే వద్దనండి.

పీసీపీకి ఉన్న ఒకే బాధ గాలి నింపడం. రేంజ్‌లో కంప్రెసరో, నీళ్ల అడుగున ఈదేవాళ్లు వాడే పెద్ద సిలిండరో ఉంటుంది, రెండు నిమిషాల పని. మీ ఊళ్లో రేంజ్ లేకపోతే చేతి పంపు కొనాలి. సైకిల్ పంపు కాదది, మనిషి బరువంతా వేసి తొక్కాల్సిన పంపు. 150 బార్లు దాటాక నాలాంటి బక్కవాళ్లు దాని మీద వేలాడడమే. రేంజ్‌కి దూరంగా ఉండి పిస్టల్ నేర్చుకునేవాళ్లకి మధ్యే మార్గం ఒకటుంది: గొట్టం కిందున్న లీవర్‌ని ఒక్కసారి తెరిచి మూస్తే ఆ గుండుకి సరిపడా గాలి నిండే రకం. సిలిండర్ గొడవ లేదు, కుదుపు లేదు. రష్యా వాళ్ల బైకాల్ 46ఎం ఈ రకానికి పాత కాపు. లీవర్ బిగువుగా ఉంటుంది, పన్నెండేళ్ల పిల్ల అరవై సార్లు తెరవలేదు. పెద్దవాళ్లకి ఫర్వాలేదు.

కొత్తదా, పాతదా

పెద్ద పేర్లన్నీ యూరప్‌వే. జర్మనీ నుంచి ఫైన్‌వెర్క్‌బావ్, వాల్తర్, అన్‌షుట్జ్. ఆస్ట్రియా నుంచి స్టైయర్, స్విట్జర్లాండ్ నుంచి మోరిని, ఇటలీ నుంచి పార్దిని. నేను విచారించినప్పుడు కొత్త పోటీ పిస్టల్ లక్షన్నర దాటి ఉంది, రైఫిల్ రెండు లక్షలు దాటి ఉంది. రూపాయి యూరోతో ఎప్పుడు ఎలా ఉంటుందో దాన్నిబట్టి మారుతూ ఉంటుంది. ఫైన్‌వెర్క్‌బావ్ 500, హేమర్లీ ఏఆర్ 20 లాంటివి నేర్చుకునేవాళ్ల కోసం చేసిన రైఫిళ్లు, పై మోడళ్ల కన్నా తక్కువలో వస్తాయి, గొట్టం మాత్రం తక్కువ కాదు.

నిజం చెప్పాలంటే, పై మోడల్‌కీ కింది మోడల్‌కీ తేడా మొదటి రెండేళ్లు మీ టార్గెట్ మీద కనిపించదు. పై మోడల్‌లో మీరు కొనేది సర్దుబాట్లు. చెంప ఆనే ముక్క ఎత్తు, భుజం ఆనే ముక్క వంపు, స్టాక్ పొడవు, బరువులు జరపడం. ఎదిగే పిల్లలకి ఈ సర్దుబాట్లు పనికొస్తాయి. నాలాంటి ఎదుగుదల ఆగిపోయినవాళ్లకి ఒకసారి సర్దితే చాలు.

బ్రాండ్ల మధ్య తేల్చుకోలేకపోతే ఒక్కటే చూడండి: మీ రేంజ్‌లో ఎక్కువమంది ఏది వాడుతున్నారు, దాన్ని విప్పి బిగించడం తెలిసిన మనిషి ఎంత దూరంలో ఉన్నాడు. 2021లో టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీ నడుమ మను భాకర్ పిస్టలే మొరాయించి నిమిషాలకి నిమిషాలు పోయాయి. జట్టు వెనక ఉన్నవాళ్లకే ఆ తిప్పలు తప్పలేదు. మన గన్‌లో ఐదు రూపాయల రబ్బరు రింగు పోతే అది జర్మనీ నుంచి రావాల్సిన పరిస్థితి తెచ్చుకోకూడదు.

అందుకే నా ఓటు పాతదానికి. ఈ ఆటలో మానేసేవాళ్లు బోలెడుమంది. పదో తరగతి రాగానే, ఇంటర్లో ఎంట్రన్స్ కోచింగ్ అనగానే పిల్లల గన్లు బీరువాల్లోకి వెళ్లిపోతాయి. మూడేళ్లు వాడిన మంచి గన్లు దొరుకుతాయి, గొట్టం అరగదు. కానీ కళ్లు తెరుచుకుని కొనాలి. నేను సగమే తెరిచాను.

నా పిస్టల్ అలా ఆట మానేసిన ఒకాయన దగ్గర కొన్నాను. మెరుస్తోంది, పెట్టె కూడా ఉంది, బిల్లు ఉంది. ధర బాగా కలిసొచ్చింది అనుకున్నాను. మొదటి జిల్లా పోటీలో గన్లు తనిఖీ చేసే ఎక్విప్‌మెంట్ కంట్రోల్ బల్ల దగ్గర కుర్రాడు పిస్టల్ తీసుకున్నాడు. ముందు గొట్టం నిటారుగా పైకి ఉండేలా పట్టుకుని ట్రిగ్గర్‌కి అరకిలో బరువు తగిలించి మెల్లగా పైకెత్తాడు. పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు మొయ్యాలి, మోసింది. తర్వాత సిలిండర్‌ని వెలుతురువైపు తిప్పి, బొటనవేలితో మరక తుడిచి, చిన్న అక్షరాల్ని చదివాడు. నెల, సంవత్సరం. ఒకసారి నా వైపు చూసి మళ్లీ చదివాడు. "సార్, ఇది పదేళ్లు దాటి నాలుగు నెలలైంది."

ఈ సిలిండర్లకి తయారీదారులు మామూలుగా పదేళ్ల గడువు పెడతారు. తేదీ సిలిండర్ మీదే చెక్కి ఉంటుంది. గడువు దాటింది వాడడం ప్రమాదం, పోటీలో ఒప్పుకోరు. ఆ రోజు పక్క లైన్ అమ్మాయి దగ్గర సిలిండర్ అడుక్కుని కాల్చాను. కొత్త సిలిండర్ కొనేసరికి కలిసొచ్చిందనుకున్న తేడా అంతా దానికే పోయింది. అమ్మినాయన మీద కోపం లేదు. ఆయనకీ తెలిసుండదు. ఏడేళ్లు బీరువాలో ఉన్న పిస్టల్ అది.

కాబట్టి పాత గన్ చూడ్డానికి వెళ్తే ముందు సిలిండర్ తేదీ చదవండి, తర్వాతే టీ తాగండి. సిలిండర్ నిండుగా నింపించి దాని వత్తిడి మీటరు ముల్లు ఎక్కడుందో ఫోటో తీసుకుని, ఒక రాత్రి ఉంచమనండి. తెల్లారి ముల్లు దిగి ఉంటే ఎక్కడో కారుతోంది. గన్‌ని బల్ల మీద బిగించో, ఇసుక సంచి మీద ఆనించో ఐదు పెల్లెట్లు ఒకే చోటికి కాల్పించండి, ఐదూ కలిసి ఒక్క చిల్లులా కనిపించాలి. అసలు బిల్లు, గన్ మీది నంబరు రెండూ కలవాలి. బిల్లు లేదంటే ఎంత చవకైనా వద్దు.

పిస్టల్ అయితే గ్రిప్ సైజు అన్నిటికన్నా ముందు. మా అమ్మాయికి ఒకరు మీడియం గ్రిప్ ఉన్న పిస్టల్ చూపించారు. పట్టుకోగానే బాగుందంది, కొత్తది ఏదైనా బాగుంటుంది పిల్లలకి. కోచ్ వచ్చి దాని చూపుడువేలు చూశారు. వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద నిటారుగా పడాలి. దానికి వేలికొన మాత్రమే అందుతోంది, అందడానికి మణికట్టు పక్కకి తిప్పుతోంది. "ఇలా ఏడాది కాలిస్తే ఆ మణికట్టుని మళ్లీ దారిలో పెట్టడానికి ఇంకో ఏడాది" అన్నారాయన. ఎక్స్‌ట్రా స్మాల్ గ్రిప్ తెప్పించి, అరచేతి కింద గీరుకుపోతున్న చోట సాండ్‌పేపర్‌తో అరగదీసి, ఖాళీ ఉన్నచోట చెక్క లప్పం పెట్టి నింపాం. మూడు ఆదివారాలు పట్టింది. చూడ్డానికి అసహ్యంగా ఉంది. దాని చేతికి మాత్రం అచ్చు పోసినట్టుంది.

అసలు ఇప్పుడే కొనాలా

అక్కర్లేదు. మూడు నెలలు రేంజ్ గన్‌తో కాల్చండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. 2007 ప్రపంచ మిలిటరీ క్రీడల కోసం కట్టిన రేంజ్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఉంది. 2012 లండన్‌లో ఎయిర్ రైఫిల్ కంచు తెచ్చిన గగన్ నారంగ్ పెరిగింది ఇక్కడే. ఇదే ఊళ్లో నేర్చుకున్న ఈషా సింగ్ 2018లో పదమూడేళ్లకి ఎయిర్ పిస్టల్ జాతీయ ఛాంపియన్ అయింది, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. ప్రైవేటు రేంజ్‌లు కూడా పేటపేటకీ వచ్చాయి. చేరే ముందు రేంజ్ గన్లలో ఎన్ని పనిచేస్తున్నాయో, ఒక్కో గన్‌కి ఎంతమంది క్యూ కడుతున్నారో సాయంత్రం ఆరింటికి వెళ్లి చూడండి. ఉదయం పదకొండుకి చూపిస్తే అన్నీ ఖాళీగానే ఉంటాయి.

ఒక హెచ్చరిక. మొదటి నెలలోనే "సొంత గన్ కొంటేగానీ స్కోరు రాదు" అనే కోచ్ ఉంటే, ఆయనకి డీలర్‌తో ఏం బంధుత్వమో కనుక్కోండి.

మూడు నెలల తర్వాత కూడా వారానికి నాలుగు రోజులు వెళ్తున్నారా? అప్పుడు కొనండి. అప్పటికి గన్ ధర పక్కన దాని తిండి కూడా లెక్క వెయ్యడం వచ్చేస్తుంది. ఒక్కో డబ్బాలో ఐదువందల పెల్లెట్లు ఉంటాయి. రోజుకి అరవై అంటే డబ్బా ఎనిమిది రోజులు. తల చదునుగా ఉన్న పోటీ పెల్లెట్లే కొనాలి, అవి కాగితంలో గుండ్రంగా కోసినట్టు చిల్లు పెడతాయి. కొన దేలినవి చింపుతాయి. పెల్లెట్లు సీసంతో చేసినవి కాబట్టి కాల్చాక చేతులు సబ్బుతో కడిగాకే సమోసా ముట్టుకోండి. మా అమ్మాయి దగ్గర ఈ ఒక్క నియమం నేను రోజూ కంఠశోష పడి చెప్పేది.

సొంత గన్ వచ్చాక ఇంట్లో సాధన ఖాళీ గన్‌తోనే. గోడ మీద చిన్న నల్లచుక్క, పది నిమిషాలు ట్రిగ్గర్. గొట్టంలోంచి బయటికి కనిపించేలా రంగు తాడు దూర్చి ఉంచితే ఖాళీగా ఉందని చూసినవాళ్లకి తెలుస్తుంది. తాళం వేసిన పెట్టెలో పెట్టండి. అపార్ట్‌మెంట్ లిఫ్టులో మామూలు బ్యాగులోనే తీసుకెళ్లండి. బాల్కనీలో నిలబడి గురి చూడొద్దు, ఎదురింటివాళ్లకి అది ఎయిర్ పిస్టల్ అని అక్కణ్ణుంచి తెలీదు.

నన్నే నేరుగా అడిగితే ఇలా చెబుతాను. ఎదిగే పిల్లలకి, ఇంట్లో డబ్బు చూసుకుని ఖర్చుపెట్టాల్సి ఉంటే, పాత పీసీపీ పిస్టల్, గడువు ఇంకా ఐదారేళ్లున్న సిలిండర్, చేతికి సరిపడే గ్రిప్. పిల్లకి రైఫిల్ మీదే మనసుంటే సర్దుబాట్లు ఉన్న కింది మోడల్ రైఫిల్, అరువు జాకెట్టు. రేంజ్ లేని ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకి లీవర్ పిస్టల్. పెరట్లో సరదాకి అయితే దేశీ స్ప్రింగ్ రైఫిల్, టార్గెట్ వెనక పెల్లెట్లని ఆపే మందపాటి పెట్టె, అడ్డంగా ఎవరూ రాని గోడ.

ఆ చివరి రకానికి చెందింది మా అటక మీద ఒకటుంది. పెట్టెతో సహా, బిల్లుతో సహా. రెండుసార్లు అమ్మకానికి పెట్టాను. అడిగినవాళ్లకి ఇవన్నీ వివరించి చెప్పేసరికి ఇద్దరూ కొనకుండా వెళ్లిపోయారు.